మాక్రో ఫొటోలు ఎలా తీయాలి? కరివేపాకు చెట్టు దగ్గర మొదలుపెట్టండి

మాక్రో ఫొటోగ్రఫీ, అంటే చిన్న జీవులను బాగా దగ్గర నుంచి పెద్దగా తీయడం, నేర్చుకోవాలనుకునేవారు ముందుగా అడిగేది "ఏ లెన్స్ కొనాలి?" అని. మాక్రో లెన్స్ చివర కొనండి అంటాను నేను. కొత్తలో అప్పు చేసి మరీ ఒకటి కొన్నాను. నెలల తరబడి మసక ఫొటోలే వచ్చాయి. నాకు రానివి వెలుతురు సంగతి, ఫోకస్ సంగతి. ఆ రెండూ డబ్బుతో వచ్చేవి కావు.

మొదట, కదలని పురుగును వెతకండి

సీతాకోకచిలుకల వెంట పరుగులు వద్దు. పెరట్లో గానీ కుండీలో గానీ కరివేపాకు, నిమ్మ మొక్కలుంటే ఆకులను వంగి చూడండి. పిట్ట రెట్టలా కనిపించేది చాలాసార్లు రెట్ట కాదు, సీతాకోకచిలుక గొంగళిపురుగు. ఎదిగేకొద్దీ అది ఆకుపచ్చగా మారుతుంది. వేలు తగిలితే తల వెనుక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్మును బయటికి తోసి ఘాటు వాసన వదులుతుంది. బెదిరింపు అంతవరకే. కాసేపటికి మళ్లీ ఆకు నమలడంలో పడిపోతుంది. అభ్యాసానికి ఇంతకంటే ఓపికైన జీవి దొరకదు.

జిల్లేడు కొమ్మల మీద పసుపు పేనుబంక, దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులు కూడా మంచివే. తెల్లవారుజామున వెళ్లండి. చల్లదనానికి పురుగులు మందకొడిగా ఉంటాయి, గాలి కూడా తక్కువ.

ఉన్న లెన్స్‌తోనే దగ్గరికి వెళ్లండి

లెన్స్ మార్చుకునే కెమెరా, 50 మి.మీ. లెన్స్ ఉంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తీసుకోండి. లోపల గాజు ఉండని ఖాళీ గొట్టాలివి. లెన్స్‌ను సెన్సర్‌కు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) దూరంగా జరపడమే వీటి పని. లెక్క తేలిక: గొట్టం పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మీద రాసి ఉండే మి.మీ. సంఖ్యతో, భాగించండి. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. గొట్టం పెడితే సగం సైజు వస్తుంది, 50 మి.మీ. పెడితే 1:1. అంటే ఒక సెంటీమీటరు పురుగు సెన్సర్ మీద కూడా ఒక సెంటీమీటరు పడుతుంది. కెమెరా, లెన్స్ మాట్లాడుకునే విద్యుత్ కాంటాక్టులున్న గొట్టాలే కొనండి. లేకపోతే చాలా లెన్స్‌లలో అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) మార్చడానికి వీలుండదు.

ఇంకా చౌక మార్గం, రివర్స్ రింగుతో లెన్స్‌ను తిరగేసి బిగించడం. దీనికి అపెర్చర్ తిప్పే రింగున్న పాత మాన్యువల్ లెన్స్ బాగా పనికొస్తుంది. ఫోనువారు కెమెరా మీద తగిలించే క్లిప్ లెన్స్‌తో మొదలుపెట్టవచ్చు.

వెలుతురును మెత్తబరచండి

అసలు కష్టం ఇక్కడే. 1:1 దగ్గర సెన్సర్‌కు చేరే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఫ్లాష్ కావాలి. కెమెరాకు అమర్చి వచ్చే చిన్న ఫ్లాష్ పెట్టి చూశాను. గొట్టాల నీడ పురుగు మీదే పడింది. విడి ఫ్లాష్ తెచ్చాక నీడ పోయింది గానీ, అక్షింతల పురుగు నున్నటి వీపు మీద సూదిమొనలాంటి తెల్లటి మెరుపు వచ్చింది. ఎంత బాగా ఫోకస్ చేసినా కన్ను ఆ మచ్చ మీదికే పోయేది.

చివరికి పనిచేసింది బటర్ పేపరు. అట్టతో చిన్న గొడుగులాంటి చట్రం చేసి, దానికి రెండు పొరల బటర్ పేపరు అతికించి, ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య, లెన్స్ అంచు మీదుగా ముందుకు వంగేలా కట్టండి. కాగితం పురుగుకు ఎంత దగ్గరగా, దానితో పోలిస్తే ఎంత పెద్దగా ఉంటే మెరుపు అంత మెత్తగా పరుచుకుంటుంది. షట్టర్ 1/200 సెకను, అపెర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 200 దగ్గర మొదలుపెట్టండి. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/16 దాటితే స్పష్టత తగ్గడం మొదలవుతుంది.

ఫోకస్ రింగును వదిలి, మీరే ఊగండి

ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉండే) కెమెరాలో 1:1 దగ్గర, ఎఫ్/11లో కూడా ఫోకస్‌లో ఉండే మందం దాదాపు ఒక మిల్లీమీటరే. ఆటోఫోకస్ ఆపేయండి. మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ శరీరాన్ని వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ కదిలించండి. పురుగు కన్ను స్పష్టం కాగానే నొక్కండి. ఇరవై తీస్తే రెండు నిలుస్తాయి, నాకైతే ఇప్పటికీ అంతే. చాలా ఫ్రేములు తీసి కంప్యూటర్‌లో కలిపే స్టాకింగ్ జోలికి ఇప్పుడే పోవద్దు.

ఇక ప్రయోగాలు

చేయి కుదిరాక తొలకరి వానల కోసం చూడండి. ఆరుద్ర కార్తెలో తడి నేల మీద ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఆ ఎరుపు మామూలు ఎక్స్‌పోజర్‌లో ముద్దలా మారి, మఖమల్ నూగు కనిపించకుండా పోతుంది. ఫ్లాష్ బలం కాస్త తగ్గించండి. పై నుంచి తీయకుండా బోర్లా పడుకుని నేలమట్టానికి కెమెరా దించండి. చొక్కా బురదవుతుంది, తప్పదు. తాకితే అది కాళ్లు ముడుచుకుని ఆగుతుంది. మీరు ఊపిరి బిగబట్టి ఫోకస్ కుదుర్చుకునే లోపు మళ్లీ నడక మొదలుపెడుతుంది.