పడవలో కరెంటు – 4వ పాఠం: నీళ్ల మీద ఎర్త్ ఎక్కడ?

పోయిన పాఠంలో బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి తీగలు లాగాం, పాజిటివ్ మీద ఫ్యూజు పెట్టాం. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. చాలామంది పని ఇక్కడితో ఆపేస్తారు. కింద నేలే లేనప్పుడు ఎర్త్ ఎక్కడిదని వాళ్ల వాదన.

కరెంటు ఎక్కణ్ణుంచి బయల్దేరిందో అక్కడికే తిరిగి చేరాలని చూస్తుంది. ఇన్వర్టర్ నడుస్తున్నంతసేపూ ఆ చోటు ఇన్వర్టరే, నేల కాదు. డ్రిల్లు లోపల ఫేజ్ తీగ ఊడి ఇనప బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ దారి సరిగా ఉంటే ఆ కరెంటు తీగలోంచే వెనక్కి పోతుంది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ట్రిప్ అవుతుంది. లేకపోతే మీ చెయ్యి తగిలేదాకా కాచుకుని కూర్చుంటుంది.

ముందు డీసీ వైపు, అంటే బ్యాటరీ వైపు. ఇన్వర్టర్ బాడీ మీద ఎర్త్ గుర్తున్న బోల్టు నుంచి డీసీ నెగటివ్ బస్‌బార్‌కి (నెగటివ్ తీగలన్నీ కలిసే లోహపు పట్టీకి) ఒక తీగ వెయ్యాలి. ఏదో సన్నటి ముక్క చాలులే అనుకోవద్దు. 12 వోల్టుల మీద 1000 వాట్ల ఇన్వర్టర్ ఫుల్ లోడులో దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది, ఫ్యూజు అంతకంటే పెద్దదే ఉంటుంది. పాజిటివ్ తీగ జారి బాడీకి తగిలితే ఫ్యూజు ఎగిరేలోపు సన్న తీగ ఎర్రగా కాలిపోతుంది. అమెరికా పడవల ప్రమాణం ఏబీవైసీ ఇ-11 ప్రకారం ఇది పాజిటివ్ తీగకంటే ఒక్క సైజుకి మించి తగ్గకూడదు. నేనైతే ఆ ఒక్క సైజూ తగ్గించను. తగరం పూత ఉన్న, సన్న పోగులు కలిపి పేనిన రాగి తీగ తీసుకోండి. ఒంటి పోగు తీగ ఇంజను అదురుకి విరుగుతుంది.

ఏసీ వైపు, అంటే ఇన్వర్టర్ నుంచి బయటికి వచ్చే కరెంటు వైపు, సాకెట్ల ఆకుపచ్చ-పసుపు తీగలన్నీ ఒక ఎర్త్ బస్‌బార్‌కి, అక్కణ్ణుంచి ఇన్వర్టర్ ఎర్త్ టెర్మినల్‌కి. ఈ బస్‌బార్‌ని డీసీ నెగటివ్‌తో ఒకే ఒక్క చోట కలపాలి.

అసలు చిక్కు న్యూట్రల్–ఎర్త్ లింకు దగ్గర ఉంది. లీకైన కరెంటు ఎర్త్ తీగలోంచి వచ్చి మళ్లీ ఇన్వర్టర్‌లోకి చేరాలంటే అక్కడ న్యూట్రల్ ఎర్త్‌తో కలిసి ఉండాలి. కలవకపోతే తీగ ఉన్నా దారి లేదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి లీకు సంగతే తెలియదు. అలాగని ఎప్పుడూ కలిపే ఉంచకూడదు. పడవ కట్టేసి ఒడ్డు నుంచి కేబుల్‌తో కరెంటు తీసుకునేటప్పుడు మూలం ఒడ్డున ఉంది కాబట్టి లింకూ అక్కడే ఉండాలి. రెండు చోట్లా ఉంటే మామూలు లోడు కరెంటులో కొంత ఎర్త్ తీగలోకి మళ్లుతుంది, ఒడ్డు మీది ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. పడవల కోసం చేసే మంచి ఇన్వర్టర్-ఛార్జర్లలో ఒక రిలే (కరెంటుతో దానంతట అదే మారే స్విచ్చి) ఈ లింకుని తనే వేసి, తనే తీస్తుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా కాస్త ఎక్కువ పెట్టి కొనచ్చని నా అభిప్రాయం.

కొన్ని చవక ఇన్వర్టర్లలో అసలు న్యూట్రల్ ఉండదు. రెండు తీగల్లోనూ బాడీతో పోలిస్తే చెరి సగం వోల్టేజీ ఉంటుంది. అలాంటిదానికి లింకు వేస్తే ఇన్వర్టరే కాలిపోవచ్చు. మాన్యువల్ చూడకుండా చెయ్యి పెట్టొద్దు. అలాంటిదాన్ని పడవ వైరింగుకి కలపకుండా, ఒక్క పరికరాన్ని నేరుగా దానికే పెట్టి వాడుకోవడం మేలు.

ఇక పరీక్ష. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా, ఎర్త్ బాగుందని ధీమాగా ఉంటారు. ఆ బటన్ ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్యనే పని చేస్తుంది, ఎర్త్ తీగ కోసేసినా పడుతుంది. ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ, ఒడ్డు కేబుల్ రెండూ విడదీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, సాకెట్ ఎర్త్ పిన్నుకీ ఇన్వర్టర్ బాడీకీ మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. 1 ఓమ్ దాటితే ఎక్కడో లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) వదులైంది, లేదా తుప్పు పట్టింది. కరెంటు ఉండగా చేసే పరీక్షలు, లింకు పని పడవ వైరింగు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

వచ్చే పాఠం ఒడ్డు ఎర్త్ వల్ల ప్రొపెల్లర్‌ని తినేసే తుప్పు గురించి. ఈలోపు మీ ఇన్వర్టర్ మాన్యువల్‌లో న్యూట్రల్ గురించి ఏం రాశారో వెతికి, ఆ పేజీ మడత పెట్టి ఉంచండి.