నెలగంట పెట్టేలోపే సీనేమ్ పని ముగించుకోండి

ముందే చెప్తున్నానండి, నెలగంట పెట్టాక డొమైన్ సెట్టింగుల జోలికి పోవద్దు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు ఆన్‌లైన్లో అమ్మే మనోళ్లు చాలామందికి పాత డొమైన్ ఒకటి కొత్తది ఒకటి ఉంటాయి, పాతదాన్ని కొత్తదానికి కలిపేద్దాం అని సరిగ్గా పండగ ముందే గుర్తొస్తుంది, అప్పటికి హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లు పడిపోతుంటాయి, సైటు ఒక్క పూట తెరుచుకోకపోయినా చుట్టిన రేకులు అలాగే ఉండిపోతాయి.

డొమైన్ సెట్టింగుల్లో ఒక పేరుని ఇంకో పేరుకి చూపించే రికార్డే సీనేమ్ (CNAME). దీనికి 1987లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం నుంచీ ఒక రూలుంది, సీనేమ్ ఉన్న పేరు మీద మామూలుగా వేరే రికార్డు ఉండకూడదు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని అసలు పేరు మీద ఎన్‌ఎస్, ఎస్‌ఓఏ అనే తప్పనిసరి రికార్డులు ఎలాగూ ఉంటాయి కాబట్టి అక్కడ సీనేమ్ పెట్టకూడదు. పోయినేడు మా పిన్ని వాళ్ల షాపుకి నేను అక్కడే పెట్టాను. రికార్డులు మార్చే ప్యానెళ్లు చాలావరకు అసలు సేవ్ అవ్వనివ్వవు, మేం వాడేది ఒప్పేసుకుంది, సైటు శుభ్రంగా తెరుచుకుంది, అందుకే రెండ్రోజులు ఎవరికీ అనుమానం రాలేదు. తీరా చూస్తే మెయిల్స్ ఆగిపోయాయి. మెయిల్ ఎక్కడికి పంపాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు కోసం వచ్చినవాళ్లని కూడా ఆ సీనేమ్ కొత్త పేరు దగ్గరికే పంపేసింది, అక్కడేమో మెయిలే పెట్టలేదు. ఆఫీసులవాళ్ల పెద్ద ఆర్డర్లు పిన్నికి వచ్చేది మెయిల్లోనే, ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు.

కాబట్టి సీనేమ్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుకే పెట్టండి. అసలు పేరుకి సీనేమ్ పని చేసిపెట్టే వేరే ఏర్పాట్లున్నాయి, క్లౌడ్‌ఫ్లేర్లో అయితే ఫ్లాటెనింగ్ ఉంది, కొన్నిచోట్ల ఎలియాస్ అనో ఏనేమ్ అనో ఉంటుంది, అమెజాన్ రూట్ 53లో ఎలియాస్ ఉన్నా అది వాళ్ల సర్వీసులకి, లేదంటే అదే జోన్‌లో (ఆ డొమైన్ రికార్డుల జాబితాలో) ఉన్న రికార్డులకే పోతుంది, బయట పేరుకి పోదు. ఇవేవీ లేకపోతే హోస్టింగ్ వాళ్లిచ్చిన ఐపీ అడ్రసుతో 'ఏ' (A) రికార్డు పెట్టుకోండి.

టీటీఎల్, అంటే ఒక సమాధానాన్ని ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకె, ముందే తగ్గించుకోవాలి. ఇప్పుడు 86400 ఉంటే పాత సమాధానం రోజంతా జనాల దగ్గర ఉండిపోతుంది, అందుకని కనీసం ఒక రోజు ముందే 300 చేసి ఆగి అప్పుడు మార్చండి. సీనేమ్ విలువలో ముందు హెచ్‌టీటీపీఎస్ గానీ చివర స్లాష్ గానీ వద్దు, వట్టి పేరే.

ఇంకోటి, సీనేమ్ పెడితే బ్రౌజర్లో పేరు మారిపోతుంది అనుకుంటారు, మారదండి. పాత పేరు కొట్టినవాళ్లకి పాత పేరే కనపడుతుంది, ఆ పేరు కూడా సర్వర్లో యాడ్ చేసి సర్టిఫికెట్ తీసుకోకపోతే సెక్యూరిటీ వార్నింగ్ వస్తుంది, అది చూసి డబ్బులు ఎవరు కడతారు? పేరు కూడా మారాలంటే, పాత పేరు కొట్టినవాళ్లని కొత్త పేరుకి పంపేసే 301 రీడైరెక్ట్ విడిగా పెట్టుకోవాలి.

పండగయ్యాక ఆఫర్ సైటు తీసేసేవాళ్లు ముందు సీనేమ్ తీసి తర్వాతే సైటు మూయండి. రికార్డు అలాగే వదిలేస్తే కొన్ని హోస్టింగుల్లో ఆ ఖాళీ అయిన పేరుని వేరేవాడు తీసుకుని మన షాపు పేరు మీదే వాడి పేజీ పెట్టుకోగలడు.

ఏం మార్చినా ముందు రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, మార్చాక వైఫై ఆపి మొబైల్ డేటాలో రెండు పేర్లూ తెరిచి చూడండి, బయట మెయిల్ నుంచి షాపు మెయిల్‌కి ఒకటి పంపి చూడండి. ఆ చివరిది మేం చెయ్యలేదు.