సారె పళ్ళెం మీదికి ఫుకుసా కుట్టించడం ఎలా?

జపాన్‌లో ఎడో కాలంలో (1603–1868) కలిగినవాళ్ళు కానుకను లక్క పళ్ళెంలోనో పెట్టెలోనో పెట్టి, పైన బొమ్మలు కుట్టిన పట్టుగుడ్డ కప్పి పంపేవారు. అదే ఫుకుసా. అందుకున్నవాళ్ళు కానుక ఉంచుకుని గుడ్డ తిరిగి పంపేవారు. మన సారె పళ్ళాలకు చుట్టే ప్లాస్టిక్ కాగితం కంటే ఇది వెయ్యి రెట్లు నయం, ప్రతి శుభకార్యానికీ పనికొస్తుంది. వియ్యాలవారికి మాత్రం గుడ్డ వెనక్కి కావాలని ముందే చెప్పాలి.

14 అంగుళాల పళ్ళేనికి 20 అంగుళాల చదరం చాలు. పైకి సాటిన్ పట్టు, అస్తరుకు పలచని ఎర్ర పట్టు తీసుకోండి. పాత పట్టుచీరైతే మడతలను వెలుతురుకు పట్టి చూడండి. సన్నగా చిట్లి ఉంటే ఆ ముక్క వద్దు.

గుడ్డను ముందే కోసి మగ్గం వర్క్‌కి ఇవ్వకండి. వర్క్ నడిచేకొద్దీ గుడ్డ లాక్కుని చదరం వంకరపోతుంది. 27 అంగుళాల ముక్క ఇచ్చి, అంతా అయ్యాక 21 అంగుళాలకు కోయాలి. బొమ్మ నడిమి 12 అంగుళాల్లోనే ఉండాలి, అంచుల్లో కుట్టింది కిందికి వేలాడిపోతుంది. పెళ్ళికి జంట క్రౌంచ పక్షులు, లేదా పైన్, వెదురు, ప్లమ్ కొమ్మలు బాగుంటాయి. విజయవాడైనా గుంటూరైనా మగ్గం వర్క్ వాళ్ళు అలవాటుగా పూసలు, రాళ్ళు దట్టిస్తారు. వద్దని గట్టిగా చెప్పండి. బరువుకి పట్టు సాగి, నడిమిలో గుంట పడుతుంది. బంగారు జరీని పైన పరిచి, సన్న పట్టుదారంతో అక్కడక్కడా పట్టించమనండి. ఫుకుసాల్లో బంగారు దారం కూర్చేది ఇలాగే. జరీ లోపలికి పోదు కాబట్టి నలగదు, రెక్క మీద ఈకలు ఒక్కొక్కటీ విడిగా మెరుస్తాయి.

అస్తరును ముందే ఆవిరి ఇస్త్రీ చేసి, పైగుడ్డ కంటే పావంగుళం తక్కువ కోయండి. లేదంటే అంచుల్లోంచి తొంగిచూస్తుంది. మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, నాలుగు మూలల్లో కుచ్చుల తాళ్ళు లోపలికి ఉండేలా దూర్చి, అరంగుళం వదిలి కుట్టాలి. ఒక పక్క నాలుగంగుళాలు ఖాళీ ఉంచి తిరగేసి, ఆ సందు చేత్తో మూయండి. మిషన్‌కి కొత్త 11 నంబరు సూది వేయండి, మొద్దు సూదైతే పట్టు పోగులు లాగేస్తుంది. గుండుసూదులు కుట్టు బయటే గుచ్చాలి, పట్టు మీద పడ్డ చిల్లు పోదు.

ఎర్ర కుచ్చులైతే తడిపి తెల్లగుడ్డలో నొక్కి, రంగు దిగడం లేదని తేలాకే కుట్టండి. ఎత్తేటప్పుడు పట్టుకోవాల్సింది కుచ్చులనే, చేతి చెమట పట్టుకి అంటదు.

మల్లుగుడ్డలో చుట్టి దాచండి. కలరా ఉండలు తగిలితే జరీ నల్లబడుతుంది.