ఉద్యోగం మానకుండా తోబుట్టువుతో వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి?

మా పర్లాకిమిడిలో, అంటే ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఒడిశా ఊళ్లో, దసరా దగ్గర పడుతోందంటే ఒక జత అన్నదమ్ములో అక్కాతమ్ముళ్లో నన్ను వెతుక్కుంటూ వస్తారు. అందరిదీ ఒకటే మాట. "నేను ఉద్యోగం చేసుకుంటూనే ఉంటానండీ, తమ్ముడు షాపు చూసుకుంటాడు, లాభం చెరిసగం." ఆ చివరి మాట వినగానే నాకు నీరసం వచ్చేస్తుంది.

నేను ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తాను. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా అక్కడే. ఆ ఉద్యోగం మానకుండానే మూడుసార్లు వ్యాపారం పెట్టాను. మొదట తమ్ముడితో పిండివంటలు, తర్వాత అక్కతో అప్పడాలు వడియాలు, మళ్లీ తమ్ముడితో పిండివంటలే. మొదటిది పదకొండో నెలలో మూతపడింది. మిగతా రెండూ నడుస్తున్నాయి. ఎందుకు మూతపడిందో, ఎందుకు నడుస్తున్నాయో తెలిశాక రాస్తున్న సంగతులివి.

1. ముందు మీ నియామక పత్రం తీసి చదవండి

ప్రైవేటు ఉద్యోగమైతే అపాయింట్‌మెంట్ ఆర్డరులో "వేరే వ్యాపారం, వేరే ఉద్యోగం చేయరాదు" అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి. సారుకి నోటిమాటగా చెప్పాను కదా అంటే కుదరదు, ఆ సారు రేపు బదిలీ అయిపోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగమైతే ఇంకా జాగ్రత్త. ముందుగా అనుమతి లేకుండా వ్యాపారం చేయడాన్ని ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. "మా ఆవిడ పేరు మీద పెడతాను" అని తెలివిగా చెప్పేవాళ్లు ఊరికొకరు ఉంటారు. కేంద్ర ఉద్యోగులకు వర్తించే 1964 నాటి నియమాల ప్రకారం కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తున్నా ఆ సంగతి పై అధికారులకు తెలియజేయాలి.

2. సరుకు, సామాను

దీని మీద ఎక్కువ బుర్ర పెట్టకండి. మీ ఇంట్లో ఎవరికో బాగా చేతనైన పని ఏదో ఒకటి ఉంటుంది, అదే పెట్టుకోండి. మాకైతే రెండు బర్నర్ల పెద్ద స్టవ్వు, లోతైన బాణలి, జంతికల గొట్టాలు రెండు, చిల్లుల గరిటె, ఎలక్ట్రానిక్ కాటా, కవర్లు అతికించే మిషను. అంతే. ప్యాకెట్ మీద పేరు ఒడియాలోనూ తెలుగులోనూ వేయించండి, మా ఊళ్లో రెండూ చదివేవాళ్లున్నారు. తినే వస్తువైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నమోదు తప్పనిసరి. ఆ 14 అంకెల నంబరు, బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ ప్యాకెట్ మీద ఉండాలి. ఉద్యమ్ నమోదుకి, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం చేసే నమోదుకి, పైసా ఖర్చు లేదు. ఎవరైనా డబ్బులడిగితే లేచి వచ్చేయండి.

3. చెరిసగం అనకండి

అందరూ బోర్లా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. అందుకే ఇది నింపాదిగా చదవండి.

మా మొదటి షాపుకి లక్ష రూపాయల పెట్టుబడి. 80,000 నావి, 20,000 తమ్ముడివి. సొంత తమ్ముడే కదా, రాసుకోవడమేమిటి అనుకున్నాం. పదో నెలలో, సంక్రాంతి అమ్మకాలు ముగిశాక, ఒక రాత్రి వంటగది గట్టు మీద పుస్తకం పెట్టుకుని లెక్క చూశాం. సరుకు, గ్యాసు, అద్దె, కరెంటు పోను ఆ నెలకి 18,400 మిగిలింది. నేను 9,200 లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాను. తమ్ముడు తన వాటా ముట్టుకోలేదు. కుడిచెయ్యి ముందుకు చాపాడు. మణికట్టు మీద నూనె చింది కాలిన మచ్చలు, వేళ్ల సందుల్లో ఎండిపోయిన శనగపిండి.

"ఏటన్నియ్యా, నువ్వు ఫ్యాను కింద కూకుని వస్తావు. నాను ఈ పొగలో నిలబడతాను. ఇద్దరికీ సగమేనా?"

నాకూ రోషం వచ్చింది. "నా 80,000 లేకపోతే నీకు ఈ పొగైనా ఉండేదా?" అన్నాను. ఈ మాటలన్నీ గుమ్మం దగ్గర నిలబడి మరదలు వింటోంది. రోజూ తెల్లారకముందే లేచి పిండి కలిపేది ఆమే. ఆమె పేరు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఆమె పిండి కలపలేదు, ఆ తర్వాతా కలపలేదు. ఇంకో నెల ఎలాగో ఈడ్చి తాళం వేశాం.

కొన్నాళ్లకి, కోపాలు చల్లారాక, అదే 18,400 తీసుకుని వేరేలా లెక్క కట్టాను. మీరూ ఇలాగే కట్టండి.

మొదట కూలి. ఈ పనికి బయటి మనిషిని పెట్టుకుంటే నెలకి ఎంత ఇస్తాం? తమ్ముడి పనికి 9,000, మరదలి పనికి 4,000 అనుకుందాం. మొత్తం 13,000. ఇది లాభం కాదు, ఖర్చు. గ్యాసు బండ ఎలాగో ఇదీ అలాగే. తీసేస్తే 5,400.

తర్వాత అప్పు. ఇద్దరూ సమానంగా పెట్టిన 20,000 చొప్పున మాత్రమే పెట్టుబడి. నేను అదనంగా పెట్టిన 60,000 షాపుకి ఇచ్చిన అప్పు. నెలకి 3,000 చొప్పున తీరిస్తే 20 నెలల్లో తీరిపోతుంది. ఆ 3,000 తీసేస్తే 2,400.

ఆ 2,400లో 1,400 షాపులోనే ఉంచాలి, రేపు నూనె ధర పెరిగితే పనికొస్తుంది. మిగిలిన 1,000లో చెరో 500. ఇప్పుడు చెరిసగం అనండి, నాకేం అభ్యంతరం లేదు.

అలా లెక్క కడితే ఆ నెల తమ్ముడి ఇంటికి 13,500 వెళ్లాలి. నాకు రావాల్సింది 3,500, అందులోనూ 3,000 నా డబ్బే. నేను జేబులో పెట్టుకున్నది 9,200! ఇంకో సంగతి కూడా బయటపడింది. మాది పండగ నెలలో కూడా 2,400 మాత్రమే మిగిల్చే షాపు. 18,400 మిగిలే షాపు అనుకుని పది నెలలు మురిసిపోయాం. కూలి లెక్క వేసి ఉంటే రెండో నెలలోనే ధర పెంచేవాళ్లం.

ఇక్కడ నా నియమం ఒకటుంది. ఉద్యోగం ఉన్నవాడు కూలి తీసుకోకూడదు. ఆదివారం సరుకు మోసినా, రాత్రి లెక్కలు రాసినా సరే. మీకు జీతం వస్తోంది, నోరు మూసుకుని మోయండి. మా అక్క దీనికి ఒప్పుకోదు, "నీ పనికీ విలువ కట్టు తమ్ముడూ" అంటుంది. ఆమె మాట వినను.

వాటాలు పెట్టుబడి శాతాన్ని బట్టి పంచుకోవాలని కొందరు చెబుతారు. 80:20 అన్నమాట. తోబుట్టువుల మధ్య అది పనికిరాదు. రెండేళ్లకి తమ్ముడు అన్నగారి షాపులో జీతగాడిలా మిగులుతాడు. అదనపు డబ్బుని అప్పుగా రాస్తే అది ఒక రోజున తీరిపోతుంది, ఇద్దరూ సమానంగా నిలబడతారు.

4. కాగితం రాయండి

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పుస్తకాల తెలుగు వద్దు, జనం మాట్లాడే తెలుగే రాయండని ఆయన పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ ఊరివాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మొదటి ఒప్పందం మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో తెల్లకాగితం మీద రాయండి. "తమ్ముడికి నెలకి కూలి ఇంత. అన్న ఇచ్చిన అప్పు ఇంత, వడ్డీ లేదు. ఎవరైనా మానేయాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. షాపు పేరు షాపులో నిలబడినవాడికే." ఇద్దరూ పైకి చదువుకోండి. ఏ వాక్యం దగ్గర గొంతు తగ్గుతుందో అక్కడ ఆగి మాట్లాడుకోండి. ఆ తర్వాతే దాన్ని లాయరు దగ్గరికి తీసుకెళ్లి స్టాంపు పేపరు మీద భాగస్వామ్య ఒప్పందంగా రాయించండి.

ఏమీ రాయకపోతే ఏమవుతుంది? 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ మీ తరఫున రాసేస్తుంది. లాభనష్టాలు సమానం. పని చేసినవాడికి జీతం లేదు. వాటాకి మించి పెట్టిన డబ్బుకి ఏడాదికి 6 శాతం వడ్డీ. అంటే మా వంటగది తగాదా కోర్టుకెక్కి ఉంటే తమ్ముడి కాలిన చేతికి కూలి అడిగే హక్కు ఉండేది కాదు.

రెండో ప్రమాదం ఉద్యోగస్తుడికి. భాగస్వామ్యంలో షాపు అప్పులన్నిటికీ ఇద్దరూ బాధ్యులే. తమ్ముడు షాపు కోసం తెచ్చిన అప్పు షాపు తీర్చలేకపోతే అప్పులవాడు మీ ఇంటికీ రావచ్చు. "10,000 దాటిన అప్పుకి ఇద్దరి సంతకాలు ఉండాలి" అని రాసుకోండి. కానీ ఆ షరతు సంగతి తెలియకుండా అప్పిచ్చినవాడికి అది అడ్డు కాదు. అందుకని సరుకు ఇచ్చే హోల్‌సేల్ వాళ్లకి మీరే స్వయంగా వెళ్లి చెప్పి రండి.

ఒప్పందాన్ని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. చట్టం బలవంతం చేయదు. కానీ నమోదు కాని సంస్థ తనకి రావాల్సిన బాకీ కోసం కోర్టులో దావా వేయలేదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు మీకు తగులుతారు. జంతికలు అమ్ముకోవడానికి ఏటా ఆడిట్ ఎందుకు?

5. బ్యాంకు ఖాతా

ఒప్పందం చేతికొచ్చాక సంస్థ పేరు మీద పాన్, దానితో కరెంట్ ఖాతా. గల్లా పెట్టె దగ్గర అతికించే యూపీఐ స్టిక్కరు ఆ ఖాతాదే అయ్యుండాలి. మా మొదటి షాపులో అది తమ్ముడి సొంత ఖాతాది. జంతికల డబ్బులోంచే వాడి బైకు వాయిదా కట్ అయ్యేది, ఎవరి తప్పూ లేకుండానే.

6. సరిహద్దు దాటేముందు

మా ఊరి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఎంత దూరం? టీ తాగినంత సేపట్లో వెళ్లి రావచ్చు. పెళ్లి సంబంధాలు అక్కడివే, సినిమాలకీ అక్కడికే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేం ఇటు వచ్చాం, వాళ్లు అటు ఉండిపోయారు. అందుకే మా వాళ్లకి అది వేరే రాష్ట్రమని గుర్తుండదు, జీఎస్టీకి మాత్రం గుర్తుంటుంది.

సరుకులు అమ్మేవాళ్లకి ఒడిశాలో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. కానీ పన్ను పడే సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే ఆ 40 లక్షల మినహాయింపు ఉండదు, మొదటి ప్యాకెట్ నుంచే నమోదు కావాలి. పాతపట్నం మనిషి మా కౌంటరు దగ్గరికి వచ్చి కొనుక్కుపోతే వేరు. మేం బండి మీద తీసుకెళ్లి అక్కడి కిరాణా కొట్లో వేస్తే వేరు. కాంపోజిషన్ పథకం (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ పద్ధతి) తీసుకున్నవాళ్లయితే రాష్ట్రం బయట అసలు అమ్మకూడదు. మన జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, ఆంధ్రా వాళ్లది 37తో. బిల్లు చూసిన ఎవరికైనా అక్కడే తెలిసిపోతుంది. మొదటి ఏడాది ఒడిశా వైపే అమ్మండి. కాశీనగర్, గుణుపురం చాలవా?

7. ఆదివారం రాత్రి లెక్క

వారానికి ఒక్కసారి, ఆదివారం రాత్రి ఏడింటికి. రోజూ ఆఫీసు నుంచి వచ్చి లెక్క అడిగితే తమ్ముడికి అది తనిఖీలా ఉంటుంది. నెలకోసారి అడిగితే ఇద్దరికీ ఏమీ గుర్తుండదు. పుస్తకంలో ఎడమవైపు వచ్చినవి, కుడివైపు పోయినవి. కూలి డబ్బులు ఆ రాత్రే చేతిలో పెట్టేయండి. మరదలి కూలి మరదలి చేతికే ఇవ్వండి, తమ్ముడికి ఇచ్చి పంపకండి. ఆ తర్వాత నూనె డబ్బాలో ఎంత ఉందో గరిటె ముంచి చూడండి, పుస్తకంలో ఉన్న అంకె నమ్మకండి. చివర్లో గల్లా పెట్టెలో 40 రూపాయలు తక్కువ వస్తే, జేబులోంచి వేసి సరిపెట్టేయకండి. "40, తెలియని తేడా" అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.