సంత కూరలు వారం నిలవాలంటే డబ్బాలో గాలి సంగతి చూడాలి

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడ. శుక్రవారం కుందులి సంతలో కొన్న కూరలే మళ్ళీ శుక్రవారం దాకా మా ఇంట్లో వండుతాం. 'వదినా, మీ కొత్తిమీర ఇంకా పచ్చగా ఎలా ఉంది?' అని పక్కింటావిడ ఊరికే అడుగుతుంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

కోసేశాక కూడా కూరలు ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, వేడి వదులుతాయి. నమ్మకం లేకపోతే సంత నుంచి తెచ్చిన బఠానీ సంచిలోకి చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. యాపిల్స్ దాచే పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో దాన్ని మెషీన్లతో 2, 3 శాతానికి దించుతారు. ఊపిరి నెమ్మదిస్తుంది, కాయ నెలల తరబడి ఆగుతుంది. మన వంటింట్లో ఆ పని కూరలే చేసుకుంటాయి. మూసిన డబ్బాలో ఉన్న ఆక్సిజన్‌ని అవే వాడేస్తాయి. బయటి గాలి ఎంత రానివ్వాలో చూసుకుంటే చాలు.

ముందు కూరల్ని చల్లారనివ్వాలి. పది డిగ్రీల వేడి పెరిగితే ఊపిరి వేగం రెండు మూడు రెట్లవుతుంది. ఇంటికి రాగానే ఫ్యాన్ కింద గోనె మీద పరచండి. కడగొద్దు. నలిగినవి, పుచ్చులు ఆ పూటే వండేయండి.

బీన్స్, బఠానీ బాగా ఊపిరి తీసేవి. పాలిథిన్ కవర్‌లో వేసి, పిన్నీసుతో అక్కడక్కడా పది పన్నెండు చిల్లులు పొడిచి మూతి కట్టండి. చిల్లు లేకుండా బిగిస్తే ఆక్సిజన్ పూర్తిగా అయిపోయి లోపల పులుస్తుంది. కవర్ విప్పగానే కల్లు వాసన వచ్చిందంటే అదే. గాలంతా లాగేసే పంపు డబ్బాలు పచ్చి కూరలకి పనికిరావని నేననేది అందుకే. పప్పులకైతే భేషుగ్గా ఉంటాయి.

కొత్తిమీర, తోటకూరలకి చెమ్మ కావాలి, నీళ్ళు మాత్రం తగలకూడదు. డబ్బా అడుగున పాత పంచె ముక్క పరిచి, కట్ట విప్పి వదులుగా పెట్టి, పైన ఇంకో ముక్క కప్పండి. మర్నాడు మూత లోపల నీటి బొట్లు కనిపిస్తే తుడిచి, గుడ్డ మార్చండి. ఆ బొట్టు ఆకు మీద పడిన చోటే కుళ్ళు మొదలవుతుంది.

టమాటాని వేరుగా ఉంచాల్సిందే. పండే టమాటా, అరటిపండు ఇథిలిన్ అనే గ్యాస్ వదులుతాయి. దానికి దోసకాయ, ఆకుకూరలు పసుపెక్కుతాయి, క్యారెట్ చేదెక్కుతుంది.

వంకాయ, బెండకాయ 10 డిగ్రీల లోపు చలికి తట్టుకోలేవు, గుంటలు పడి గోధుమరంగు తిరుగుతాయి. డిసెంబరులో మా ఊరి చలికి వాటిని ఫ్రిజ్‌లో పెట్టే పనే లేదు. బుట్టలో వేసి తడి గుడ్డ కప్పుతాను. ఉల్లిపాయలకి, బంగాళాదుంపలకి డబ్బా ఊసే వద్దు. చీకటి మూల, వేర్వేరు బుట్టలు చాలు.

ఇంకొకటి, మూత తీసిన ప్రతిసారీ బయటి గాలి మళ్ళీ నిండిపోతుంది. కాబట్టి పెద్ద డబ్బా ఒకటి కాకుండా, ఒక్కో పూట కూరకు సరిపడా చిన్న డబ్బాలు సర్దుకోండి. ఏ పూటది ఆ పూటే తెరవండి.