మిర్ కట్టే ముందు: బొమ్మ చూడకండి, నంబర్ చూడండి

మొన్న ఆదివారం రాత్రి పన్నెండున్నరకి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఎత్తగానే "అన్నా, మిర్ పోయింది" అన్నాడు. అది పోయి చాలా ఏళ్ళయింది కదరా, ఆ రష్యా స్పేస్ స్టేషన్ని 2001 మార్చి 23న దక్షిణ పసిఫిక్‌లో పడేశారుగా అన్నాను. జోక్ పేలలేదు. వాడు చెప్పేది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే రాకెట్ల గేమ్‌లో నెలన్నర కూర్చుని కట్టుకున్న మిర్ గురించి. స్టేషన్ మాడ్యూళ్ళలో కోర్, క్వాంట్-1, క్వాంట్-2, క్రిస్టల్ నాలుగూ అయిపోయాయి, ఐదోది స్పెక్టర్ తెస్తుంటే అది నేరుగా వెళ్ళి క్వాంట్-2ని గుద్దేసింది, సోలార్ ప్యానెళ్ళు ఎగిరిపోయాయి, నడుం దగ్గర మాడ్యూళ్ళు అతుక్కునే పోర్టు ఊడిపోయి స్టేషన్ రెండు ముక్కలైంది.

ఎంత స్పీడ్‌లో వచ్చావురా అంటే "మెల్లగానే వచ్చానన్నా, స్క్రీన్ మీద అసలు కదుల్తున్నట్టే లేదు" అన్నాడు. రికార్డింగ్ పంపమని చూశా. సెకనుకు 14 మీటర్లు!

సంక్రాంతి సెలవులొస్తున్నాయి. ఏటా ఇదే టైంలో మావాళ్ళు ముగ్గురో నలుగురో స్టేషన్ మొదలెడతారు, కనుమ నాటికి ఇద్దరు ముక్కలు ఏరుకుంటూ ఉంటారు. అందుకే ఇది రాస్తున్నా. రాకెట్ ఎలా లేపాలి, ఆర్బిట్ ఎలా గుండ్రంగా చెయ్యాలి లాంటివి చెప్పను, అవి రాకపోతే మీరు మిర్ దాకా వచ్చి ఉండరు.

అసలు కొంప ముంచేది ఒక్కటే, వచ్చే స్పీడ్‌ని కంటితో అంచనా వెయ్యడం.

రోడ్డు మీద మన కన్ను స్పీడ్ ఎలా పడుతుంది? పక్కన చెట్లు, కరెంటు స్తంభాలు, ఎదురొచ్చే బండి, ఇవన్నీ ఉంటాయి కాబట్టి పడుతుంది. అక్కడ పైన ఏముంది, నల్లటి ఖాళీ, మధ్యలో చిన్న స్టేషన్. 500 మీటర్ల దూరంలో అది గోరంత, 300లో కూడా దాదాపు గోరంతే, 100 దాటాక ఒక్కసారిగా ఉబ్బుతుంది, అప్పుడు మీ చెయ్యి బ్రేక్ కోసం వెతుకుతుంది కానీ టైం అయిపోయి ఉంటుంది. దానికి తోడు మావాడి నావ్‌బాల్ (దిక్కు, స్పీడ్ చూపించే గుండ్రటి మీటర్) మీద స్పీడ్ ఆర్బిట్ మోడ్‌లోనే ఉండిపోయింది. అది 2,246 అని చూపిస్తుంది, 100 కిలోమీటర్ల ఎత్తులో గేమ్‌లోని గ్రహం కెర్బిన్ చుట్టూ తిరిగే ప్రతిదాని స్పీడూ అంతే, స్టేషన్‌దీ అంతే. ఆ నంబర్‌తో డాకింగ్‌కి, అంటే స్టేషన్‌కి అతుక్కోవడానికి, మీకు ఒరిగేది సున్నా. నావ్‌బాల్ పైన ఆ స్పీడ్ మీద ఒక క్లిక్ కొడితే టార్గెట్ మోడ్‌కి మారుతుంది, అప్పుడు స్టేషన్‌తో పోలిస్తే మీ స్పీడ్ ఎంతో తెలుస్తుంది. మావాడు ఆ క్లిక్ కొట్టలేదు. నెలన్నర పని.

ఇది గేమ్ గోల మాత్రమే అనుకోకండి. 1997 జూన్ 25న నిజం మిర్ దగ్గర జరిగింది కూడా దాదాపు ఇదే. ప్రోగ్రెస్ ఎం-34 అనే సరుకుల నౌకని కమాండర్ వసిలీ సిబ్లియెవ్ స్టేషన్ లోపల కూర్చుని చేత్తో నడిపి డాక్ చెయ్యాలి, ఆటోమేటిక్ రాడార్ ఆపేసి ఉంది, దూరం ఎంత, స్పీడ్ ఎంత అని చెప్పే నంబర్లు లేవు. ఉన్నదల్లా ఒక టీవీ బొమ్మ, అందులో కింద మేఘాలు, వాటి మధ్య స్టేషన్ ఎక్కడుందో కూడా సరిగా కనపడని పరిస్థితి. స్టేషన్‌లోని మిగతా ఇద్దరు, లజుట్కిన్, మైకేల్ ఫోల్, కిటికీల్లోంచి నౌక కోసం వెతుకుతున్నారు. కనపడేసరికి ఆలస్యమైంది, వెళ్ళి స్పెక్టర్‌ని గుద్దింది, ప్యానెల్ పాడైంది, మాడ్యూల్‌కి చిల్లు పడి గాలి పోవడం మొదలైంది. తలుపు మూద్దామంటే దాని గుండా కేబుళ్ళు వెళ్తున్నాయి, అవి పీకి, కోసి, అప్పుడు మూశారు. స్టేషన్‌కి దాదాపు సగం కరెంటు పోయింది. శిక్షణ పొందిన కాస్మోనాట్‌కే నంబర్లు లేకపోతే అలా అయింది, మరి మనం పుల్లట్టు తింటూ ఒంటి చేత్తో ఆడేవాళ్ళం.

లారీ రివర్స్ చేసేటప్పుడు క్లీనర్ వెనకాల నిలబడి బాడీ మీద కొడుతూ "రానీ, రానీ, రానీ... ఆపు" అంటాడు చూశారా, డ్రైవర్ వెనక్కి చూడడు, ఆ అరుపే వింటాడు. పైన ఆ క్లీనర్ టార్గెట్ మోడ్‌లో నంబర్. బొమ్మ చూడకండి, నంబర్ చూడండి.

ఇంకో లెక్క కూడా చెప్తా, ఇది తెలిస్తే భయం దానంతటదే వస్తుంది. మావాడి స్పెక్టర్ బరువు 20 టన్నులు. వెనక్కి లాగడానికి ఆర్‌సీఎస్ (చిన్న చిన్న థ్రస్టర్లు) నాజిళ్ళు నాలుగు, ఒక్కోటి 1 కిలోన్యూటన్, అంటే మొత్తం 4. అంటే ఒక్కో సెకనులో సెకనుకు 0.2 మీటర్లు మాత్రమే స్పీడ్ తగ్గుతుంది. 14 నుంచి సున్నాకి రావాలంటే 70 సెకన్లు, ఈలోపు ముందుకి జారే దూరం 490 మీటర్లు. అదే 1 మీటర్ స్పీడ్‌లో వస్తే 5 సెకన్లు, రెండున్నర మీటర్లు. స్పీడ్ రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలు అవుతుంది, ఇది మర్చిపోయినవాడే గుద్దుతాడు.

మన ఇస్రో వాళ్ళు స్పేడెక్స్‌ని ఎలా దగ్గరికి తెచ్చారో గుర్తు తెచ్చుకోండి. శ్రీహరికోట నుంచి 2024 డిసెంబర్ 30న వెళ్ళిన రెండు చిన్న ఉపగ్రహాలు, ఒక్కోటి 220 కిలోలు, డాక్ అయింది 2025 జనవరి 16న, అంటే మనకి ముక్కనుమ రోజు. 5 కిలోమీటర్ల దగ్గర ఆగు, ఒకటిన్నర దగ్గర ఆగు, 500 మీటర్లు, 225, 15, 3, ఇలా మెట్లు మెట్లుగా వచ్చారు. మధ్యలో జారుడు ఎక్కువైందని వాయిదా కూడా వేశారు, జనవరి 12న 3 మీటర్ల దాకా వచ్చి మరీ వెనక్కి వెళ్ళారు. అంత దగ్గరికొచ్చి వెనక్కి పోవడానికి ఎంత నిబ్బరం కావాలి! మనవాళ్ళు మాత్రం పండక్కి బస్సు టైం అవుతోందన్నట్టు దూసుకుపోతారు.

నేను పెట్టుకున్న మెట్లు ఇవి. రెండు కిలోమీటర్ల దగ్గర పూర్తిగా ఆగుతా. 500 దాకా సెకనుకు 5 మించను. 500 దగ్గర మళ్ళీ ఆగుతా. 100 దాకా 2, అక్కడ మళ్ళీ సున్నా. 100 లోపల 1 దాటను, 20 లోపల 0.3, తగిలేటప్పుడు 0.1 నుంచి 0.2. ఆగడం అంటే నంబర్ 0.0 చూపించడం, "ఆగినట్టుంది" అనిపించడం కాదు.

ఇక నేల మీద ఉన్నప్పుడు చూసుకోవాల్సినవి. మాడ్యూల్ కట్టేటప్పుడు డాకింగ్ పోర్టు తిరగేసి పెట్టడం చాలామంది చేస్తారు, గేమ్‌లో రాకెట్ కట్టే బిల్డింగ్‌లో చూస్తే రెండు వైపులా ఒకేలా ఉన్నట్టుంటుంది, పైకెళ్ళాక ముద్దులాడుకుంటాయి కానీ అతుక్కోవు. దగ్గరగా జూమ్ చేసి చూసుకోండి. పోర్టు ముఖం మీద డీకప్లర్ (విడదీసే పార్టు) ముక్క, ఫెయిరింగ్ (పైన కప్పే తొడుగు) ముక్క ఏదీ మిగలకూడదు. 1987 ఏప్రిల్‌లో క్వాంట్-1 వచ్చినప్పుడు కూడా ఇదే, సగం డాక్ అయి ఆగిపోయింది, కాస్మోనాట్లు రొమనెంకో, లవేకిన్ బయటికెళ్ళి చూస్తే పోర్టు మధ్యలో చెత్త సంచి ఇరుక్కుని ఉంది. వాళ్ళు చేత్తో పీకేశారు. స్పేస్ స్టేషన్ని ఆపిన చెత్త సంచి, నాకు చాలా ఇష్టమైన కథ ఇది.

ఆర్‌సీఎస్ బ్లాకులు బరువు కేంద్రానికి రెండు వైపులా సమానంగా పెట్టండి. లేకపోతే పక్కకి జరగమంటే తిరగడం మొదలెడుతుంది. ఇంధనం ఖాళీ అయ్యాక ఆ కేంద్రం ఎక్కడికి జరుగుతుందో కూడా ట్యాంకులు ఖాళీ చేసి ఒకసారి చూసుకోండి, డాకింగ్ టైంకి ట్యాంకులు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి. అసలు మాడ్యూల్‌కి సొంత ఇంజన్ ఎందుకు? క్వాంట్-1కి వాళ్ళు విడిగా తోసుకెళ్ళే ఒక టగ్ తగిలించి పంపారు, డాక్ అయ్యాక టగ్‌ని వదిలేశారు. మీరూ అదే చెయ్యండి, పార్టులు తగ్గుతాయి, స్టేషన్ దగ్గర గేమ్ నత్తలా నడవడం కూడా తగ్గుతుంది. పార్టుల బొమ్మలు అచ్చం మిర్‌లా కావాలంటే టాంటారెస్ అనే మోడ్ (గేమ్‌కి అదనంగా వేసుకునే పార్టులు) ఉంది.

ఆర్బిట్ వంపు దగ్గర మొండిపట్టు వద్దు. నిజం మిర్ 51.6 డిగ్రీల్లో తిరిగింది కదా అని మీరూ అదే పెడతారు, కానీ కెర్బిన్ లాంచ్ ప్యాడ్ దాదాపు భూమధ్యరేఖ మీదుంది. ప్రతి మాడ్యూల్‌కీ స్టేషన్ ఆర్బిట్ తలం ప్యాడ్ మీదకొచ్చే టైం చూసి లేపాలి, పది డిగ్రీలు తప్పితే పైకెళ్ళి సరిచేసుకోవడానికి సెకనుకు 390 మీటర్ల పైనే డెల్టా-వీ (స్పీడ్ మార్చుకునే స్తోమత) పోతుంది. మొదటిసారైతే సున్నా డిగ్రీల్లో కట్టండి. ఎవరూ నవ్వరు.

లాప్పా చెయ్యి గురించి అడుగుతున్నారు. నిజం మిర్‌లో మాడ్యూళ్ళు ముందు పోర్టుకి డాక్ అయి, ఆ చేత్తో పక్క పోర్టుకి తిరిగేవి. గేమ్ ఎక్స్‌పాన్షన్‌లో వచ్చే కీళ్ళతో అది చెయ్యొచ్చు, కానీ మొదటిసారి వద్దు, నేరుగా పక్క పోర్టుకే డాక్ చెయ్యండి.

ఇక్కడి నుంచి వరసగా చెప్పుకుపోతా, కారణాలు అడక్కండి, కొన్నిటికే చెప్తా.

నౌక మారిన ప్రతిసారీ పోర్టు మీద రైట్ క్లిక్ చేసి కంట్రోల్ ఫ్రమ్ హియర్ కొట్టండి. వేరే చోటు నుంచి కంట్రోల్ ఉంటే నావ్‌బాలే అబద్ధం చెప్తుంది, అప్పుడు నంబర్ కరెక్టే ఉన్నా దిక్కు తప్పు.

టార్గెట్‌గా స్టేషన్ని కాదు, ఆ పోర్టుని పెట్టండి.

స్టేషన్‌లో ఎస్‌ఏఎస్ (తిరగకుండా పట్టి ఉంచేది) ఆన్ చేసి వదలండి, కదిలే ఇంటికి తలుపు పెట్టలేం.

స్టేషన్ ప్యానెళ్ళు వచ్చే దారిలో ఉంటే ముందు మడవండి. కొన్ని ప్యానెళ్ళు ఒకసారి విప్పితే మళ్ళీ మడవలేం, అవి కొత్త మాడ్యూల్ మీద డాక్ అయ్యాకే విప్పండి. విప్పి ఉన్నదానికి చిన్న దెబ్బ చాలు.

క్యాప్స్ లాక్ నొక్కండి. చిన్న చిన్న తోపుడుకి అదే మందు.

100 మీటర్ల లోపల వార్ప్ (టైం పరుగెత్తించడం) ముట్టుకోవద్దు. బోర్ కొడితే టీ పెట్టుకోండి.

నంబర్ చూడండి.

ఎఫ్5 (సేవ్) ఎప్పుడు కొట్టాలో తెలుసుకుని కొట్టండి. మావాడి రెండో తప్పు ఇదే, 100 మీటర్ల దగ్గర, 14 స్పీడ్‌లో, కంగారులో ఎఫ్5 కొట్టాడు. ఇక ఎన్నిసార్లు ఎఫ్9 (ఆ సేవ్‌కి వెనక్కి వెళ్ళడం) పట్టుకున్నా ఏడు సెకన్లకి మళ్ళీ గుద్దుడే, పక్కకి లాగినా ఐదు మీటర్లే జరుగుతుంది. స్టేషన్ ఇంకా లోడ్ అవ్వకముందే, మూడు కిలోమీటర్ల అవతల, ఆల్ట్ పట్టుకుని ఎఫ్5 కొట్టి వేరే పేరుతో సేవ్ చెయ్యండి. ప్రతి మాడ్యూల్‌కీ ఒక పేరు. పాత పేరు మీద రాయొద్దు.

డాక్ అయిన క్షణం ఎక్స్ నొక్కండి, థ్రాటిల్ సున్నా. తర్వాత ఆర్ నొక్కి ఆర్‌సీఎస్ ఆపండి. 2021 జూలై 29న రష్యా వాళ్ళ "నౌకా" అనే మాడ్యూల్ అంతర్జాతీయ స్టేషన్‌కి తగులుకున్న కొన్ని గంటలకి దాని థ్రస్టర్లు వాటంతటవే మండాయి, స్టేషన్ మొత్తం ఒకటిన్నర చుట్టు తిరిగింది. మీది ముక్కలవుతుంది.

ఆల్ట్+ఎల్ నొక్కి స్టేజింగ్‌కి (పార్టులు ఒకదాని తర్వాత ఒకటి ఊడే వరస) తాళం వెయ్యండి. డాక్ అయ్యాక రెండు నౌకల స్టేజీలూ కలిసిపోతాయి, అలవాటుగా స్పేస్ బార్ తగిలితే ఏది ఊడుతుందో దేవుడికే తెలియాలి.

స్టేషన్ ఊగుతుంటే రియాక్షన్ వీల్స్ (నౌకని తిప్పే చక్రాలు) సగం ఆపండి. ఆటోస్ట్రట్‌లు (పార్టుల్ని కనపడకుండా బిగించే కట్లు) ఇష్టమొచ్చినట్టు పెట్టొద్దు, డాక్ అయ్యాక అత్యంత బరువైన పార్టు మారుతుంది, అప్పుడు క్రాకెన్ (నౌకని ముక్కలు చేసే గేమ్ బగ్) వస్తుంది.

ఒక బ్యాటరీకి తాళం వేసి పక్కన పెట్టండి. కరెంటు ఖాళీ అయిన ప్రోబ్ (మనిషి లేని నౌక) కొయ్యముక్కతో సమానం. 1997 గుద్దుడు తర్వాత నిజం మిర్ కూడా గతి తప్పి తిరిగితే, ఫోల్ కిటికీలోంచి బొటనవేలు నక్షత్రాలకి అడ్డం పెట్టి ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కేశాడు, సోయుజ్ నౌక థ్రస్టర్లతో సరిచేశారు. అక్కడ కన్నే దిక్కయింది, నిజమే. మీరు ఫోల్ కాదు. నంబర్ చూడండి.

రాత్రి పదకొండు తర్వాత డాకింగ్ మొదలెట్టొద్దు.

చిరాగ్గా ఉన్నప్పుడు అసలే వద్దు.

మావాడు మళ్ళీ కడుతున్నాడు. ముక్కల్లో కోర్, క్వాంట్-1 బతికే ఉన్నాయి, వాటి నుంచే మొదలు. కొత్త క్వాంట్-2 రేపు సాయంత్రం లేపుతాడు. రెండు కిలోమీటర్ల దగ్గర ఆగి నాకు ఫోన్ చెయ్యమన్నా, అక్కడి నుంచి టార్గెట్ మోడ్ నంబర్ పైకి చదువుతూ రావాలి, నేను ఇక్కడ కూర్చుని "రానీ, రానీ" అంటా.