కీవర్డ్ రీసెర్చ్, 4వ పాఠం: బ్రాడ్ కీవర్డ్‌తో ఏం చేయాలి

పోయిన పాఠంలో ఒక బ్రాడ్ కీవర్డ్ (జనం గూగుల్‌లో వెతికే, 'యోగా' లాంటి మరీ విశాలమైన మాట) ఎంచుకోమంటే, చాలామంది దాన్నే టైటిల్‌గా పెట్టి పేజీ రాసి పబ్లిష్ కూడా చేసేశారు. ఎంచుకోమన్నాను, రాయమనలేదు! లింకుల పాఠం వచ్చేసారికి, ముందు ఇది తేల్చుకుందాం.

'యోగా' అని వెతికే మనిషికి ఆసనాలు కావాలా, వీడియో కావాలా, దగ్గర్లో క్లాసు కావాలా? ఆ ఒక్క మాటతో గూగుల్ కూడా తేల్చుకోలేదు, అందుకే అన్ని రకాలవీ కలిపి చూపిస్తుంది. అందులో కొత్త సైటుకి చోటు దొరకడం కష్టం.

"కీవర్డ్ ప్లానర్‌లో కాంపిటీషన్ 'లో' (తక్కువ) అని ఉంది కదా" అంటారు. ప్లానర్ అంటే గూగుల్ యాడ్స్‌లో మాటల్ని వెతికిపెట్టే టూల్. ఇదిగో, నాకు చిరాకు తెప్పించేది ఇదే. ఆ కాలమ్ ప్రకటనలది. ఆ మాట మీద యాడ్ వేయడానికి ఎంతమంది పోటీ పడుతున్నారో చెబుతుంది, అంతే. మామూలు ఫలితాల్లో పైకి రావడం తేలికో కష్టమో దానికి తెలీదు. 'భూకంపాలు ఎందుకు వస్తాయి' అన్నదాంట్లో అమ్ముకోవడానికి ఏమీ లేదు, యాడ్ వేసేవాళ్లు పెద్దగా ఉండరు. అలాగని వికీపీడియా లాంటి సైట్లు పక్కకి జరిగి మీకు దారివ్వవు. బ్రాడ్ మ్యాచ్ (మాటకి దగ్గరి వెతుకులాటలకీ యాడ్ చూపించడం) కూడా గూగుల్ యాడ్స్‌లోని సెట్టింగే, మన పేజీలో అలాంటిదేమీ ఉండదు. యాడ్స్‌కి ఖర్చు పెట్టని ఖాతాకి ప్లానర్ నెలకి ఎన్నిసార్లు వెతుకుతారో 1,000 నుంచి 10,000 అని ఇంత వెడల్పు అంచనా ఇస్తుంది, మీరేమో పెద్ద అంకె పట్టుకుని లెక్కలేస్తారు. ఇక మెటా కీవర్డ్స్ ట్యాగ్‌లో (పేజీ కోడ్‌లో, చదివేవాళ్లకి కనపడకుండా కీవర్డ్‌లు రాసే చోటు) మాటలు కుక్కేవాళ్లకి ఒక్క ముక్క: ర్యాంకింగ్‌కి అది వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

బ్రాడ్ కీవర్డ్ పని వేరే మాటల్ని బయటికి లాగడం. సెర్చ్ బాక్స్‌లో టైప్ చేసి కింద వచ్చే సూచనలు రాసుకోండి: 'నడుం నొప్పికి యోగా', 'గర్భిణులకు యోగా', 'యోగా మ్యాట్ ఎంత మందం ఉండాలి'... డబ్బు కట్టే టూల్స్ ఇప్పుడే వద్దు, నాకైతే ఒక షీట్ చాలు. వాటిలో ఏ రెండు మాటలకైనా దాదాపు అవే ఫలితాలు వస్తుంటే ఒకే పేజీ సరిపోతుంది, వేరువేరుగా వస్తే విడిగా రాయాలి.

ఇప్పటికే రాసేసిన పేజీని తీసేయకండి, చిన్న పేజీలన్నిటికీ అక్కణ్నుంచి లింకులిచ్చి విషయసూచికలా వాడుకోండి.

అభ్యాసం: మీ కీవర్డ్ నుంచి 40 మాటలు తీసి, ఒక్కొక్కటీ ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో) వెతికి, మొదటి 5 ఫలితాలూ వ్యాసమా, వీడియోనా, అమ్మకం పేజీనా అని షీట్‌లో రాయండి. ఒక పూట పడుతుంది. సగం చేసి ఆపితే లింకుల పాఠం అర్థం కాదు.